వాన కోసం ఆగే పిట్ట: బడ్జీ మన బాల్కనీకి ఎలా వచ్చింది?



మీ ఇంట్లోనో, పక్కింటి బాల్కనీలోనో పంజరంలో ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల చిన్న చిలకల్ని చూసే ఉంటారు. మనం వాటిని లవ్ బర్డ్స్ అంటాం. షాపు వాళ్ళూ ఆ పేరుతోనే అమ్ముతారు. కానీ అవి లవ్ బర్డ్స్ కావండి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. తోక పొట్టిగా, ఒళ్ళు బొద్దుగా ఉంటాయి. మన పంజరాల్లో ఉన్నది ఆస్ట్రేలియా పిట్ట. పేరు బడ్జరిగార్, ముద్దుగా బడ్జీ.

ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం మా ఇంట్లో ఉండిన చిన్ని. నీలం రంగు ఆడ బడ్జీ. ఏడాదిన్నర వయసులో, గుడ్డు లోపల ఇరుక్కుపోయి చనిపోయింది. నేను దానికి తిండి తక్కువ చేయలేదు, నీళ్ళు మర్చిపోలేదు. మరి ఎందుకు చనిపోయింది? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే, నేను ఆస్ట్రేలియా ఎడారి దాకా, 1840 దాకా వెళ్ళాల్సి వచ్చింది. రండి, మీరూ నాతో రండి.

వాన పడితేనే సంసారం

ఆస్ట్రేలియా మధ్య భాగమంతా ఎండిన నేల. మనకి జూన్‌లో వానలొస్తాయని ఒక లెక్క ఉంటుంది కదా, అక్కడ చాలాచోట్ల ఆ లెక్క కుదరదు. ఒకసారి కుండపోతగా పడుతుంది, తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. ఇలాంటి చోట ఒకే ఊరిని నమ్ముకున్న పిట్ట బతకలేదు. అందుకే అడవి బడ్జీలు గుంపులు గుంపులుగా తిరుగుతూనే ఉంటాయి. నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి, గడ్డి గింజ కట్టిన చోటికి. ఒక్కో గుంపులో వేల పిట్టలు ఉంటాయి. అన్నీ ఒక్కసారి మలుపు తిరిగితే ఆకుపచ్చ పమిట ఎగరేసినట్టు ఉంటుంది.

వాన పడింది, గడ్డి మొలిచింది, గింజ కట్టింది. అప్పుడు మొదలవుతుంది అసలు హడావిడి. యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో గూడు. పుల్లలు, పీచు ఏమీ తేవు. ఖాళీ తొర్ర ఉంటే చాలు. ఆడపిట్ట రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు పెడుతుంది, మామూలుగా నాలుగు నుంచి ఆరు. దాదాపు 18 రోజులు పొదుగుతుంది. ఆ రోజుల్లో మగపిట్ట బయటినుంచి తిండి తెచ్చి నోటికి అందిస్తుంది. పిల్లలు అయిదు వారాల్లో గూడు దాటేస్తాయి. గింజలు ఇంకా ఉంటే వెంటనే రెండో కాన్పు. పుట్టిన పిల్లలు కూడా కొన్ని నెలల్లోనే జత కడతాయి.

ఎందుకంత తొందర? మళ్ళీ వాన ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి. దొరికిన నాలుగు నెలల్లోనే వంశం నిలబెట్టుకోవాలి. నేల ఎండిపోగానే అంతా ఆగిపోతుంది. ఆడపిట్ట ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. గుంపు మళ్ళీ దారి పడుతుంది.

ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. వాన వల్ల మొదలవుతుంది, వాన లేకపోవడం వల్ల ఆగుతుంది. ఆపే బటన్ పిట్ట ఒంట్లో కంటే బయట వాతావరణంలోనే ఎక్కువ ఉంది.

ఈ సంగతి అక్కడి మూలవాసులకి తరతరాలుగా తెలుసు. మధ్య ఆస్ట్రేలియాలోని వార్ల్పిరి ప్రజలకి బడ్జీ పవిత్ర గాథల్లో భాగం. ఈ రోజుకీ వాళ్ళ చిత్రాల్లో కనిపిస్తుంది. బడ్జరిగార్ అన్న పేరు కూడా గమిలరాయ్ అనే మూలవాసుల భాష నుంచి ఇంగ్లీషు వాళ్ళ నోట్లో నలిగి వచ్చిందే.

ఒక టాక్సిడెర్మిస్టు, ఒక చిత్రకారిణి

యూరప్ వాళ్ళకి ఈ పిట్ట మొదట చచ్చిన పిట్టగానే తెలుసు. 1805లో జార్జ్ షా అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని వర్ణించి, వీపు మీద అలల్లాంటి నల్ల చారలు చూసి, లాటిన్‌లో అలలున్నది అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు పైబడి ఇది మ్యూజియం వస్తువే.

కథ మారింది జాన్ గూల్డ్ వల్ల. తోటమాలి కొడుకు. చచ్చిన జంతువుల చర్మంలో పీచు కూరి, బతికున్నట్టు నిలబెట్టే టాక్సిడెర్మీ పని నేర్చుకుని, పక్షుల పుస్తకాలు అచ్చువేసే స్థాయికి ఎదిగాడు. 1838లో భార్య ఎలిజబెత్‌తో కలిసి ఆస్ట్రేలియాలో దిగాడు. పెద్దకొడుకుని వెంట తెచ్చుకున్నారు, చిన్నపిల్లలు ముగ్గురినీ ఇంగ్లండ్‌లోనే వదిలి వచ్చారు. గూల్డ్ పుస్తకాల్లోని ఎన్నో అందమైన బొమ్మలు ఎలిజబెత్ చేతి పనే. ఆమె అన్నదమ్ములు అప్పటికే న్యూ సౌత్ వేల్స్‌లో భూములు తీసుకుని స్థిరపడ్డారు. ఆ బంధుత్వం వల్లే గూల్డ్‌కి లోపలి ప్రాంతాలు తిరిగే వీలు దొరికింది. లివర్‌పూల్ ప్లెయిన్స్ అనే మైదానంలో అతను బడ్జీల పెద్ద పెద్ద గుంపుల్ని కళ్ళారా చూశాడు.

1840లో తిరిగి వెళ్ళేటప్పుడు బతికున్న బడ్జీలని ఓడలో ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. నెలల ప్రయాణం. దారిలో అవి బతికాయి. ఎడారిలో బతకడం అలవాటైన పిట్ట కదా, ఎండు గింజలతో గడిపేసింది. ఆ ఏడాదే గూల్డ్ దీనికి గ్రీకు మాటలతో పాడే చిలక అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టాడు.

ఎలిజబెత్ కథ మాత్రం విషాదం. తిరిగొచ్చిన ఏడాదికే, 1841లో, ఎనిమిదో కాన్పు తర్వాత 37 ఏళ్ళకే చనిపోయింది. ఇది చదివినప్పుడు నాకు మా చిన్ని గుర్తొచ్చింది. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

ఓడల నుంచి ఫారాల దాకా

అప్పటి యూరప్‌లో చిలక అంటే డబ్బున్నవాళ్ళ వస్తువు. దూరదేశం నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ, పైగా పంజరంలో చాలా చిలకలు గుడ్లు పెట్టవు. బడ్జీ ఈ లెక్కంతా తారుమారు చేసింది. 1850ల నుంచే యూరప్ పంజరాల్లో పిల్లలు చేయడం మొదలుపెట్టింది. దీనికి పెద్ద చెట్టు అక్కర్లేదు, కొన్న జత చాలు, ఒక చెక్కపెట్టెకి కన్నం పెట్టి ఇస్తే అదే తొర్ర అనుకుంటుంది. గింజలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి దాని లెక్కలో ఎప్పుడూ వానాకాలమే.

చూశారా, కరువు దేశంలో బతకడానికి నేర్చుకున్న తొందరే దీన్ని ప్రపంచంలో అందరికీ అందే పెంపుడు చిలకగా మార్చింది. ఓడల్లో వేలకొద్దీ పిట్టలు వచ్చాయి. దారిలో ఎన్నో చచ్చిపోయాయి. తర్వాత బెల్జియం, ఫ్రాన్స్‌లో ఫారాలు లేచాయి. ఫ్రాన్స్‌లోని టూలూజ్ బడ్జీల ఫారాలకి పేరుమోసింది. తర్వాతి కాలంలో, 1960 నుంచి ఆస్ట్రేలియా తన అడవి పక్షుల్ని వ్యాపారం కోసం బయటికి పంపడం ఆపేసింది. కానీ అప్పటికే బయటి ప్రపంచానికి ఆస్ట్రేలియాతో పని లేకుండా పోయింది. ఈ రోజు మన షాపుల్లో కనపడే బడ్జీ ఎడారిని చూసింది కాదు. దాని తాత ముత్తాతలు కూడా పంజరంలోనే పుట్టారు.

నీలం రంగు ఎక్కడిది?

అడవిలో బడ్జీ ఆకుపచ్చే. ముఖం పసుపు, వీపు మీద నల్ల చారలు. మరి మన దగ్గర ఇన్ని రంగులెలా వచ్చాయి?

దాని ఈకల్లో నీలం రంగు పదార్థం అసలు లేదండి. ఈక లోపలి సన్నని నిర్మాణం వెలుగుని చెదరగొట్టడం వల్ల నీలంగా కనిపిస్తుంది. దాని మీద పసుపు పదార్థం పూత ఉంటుంది. నీలం మీద పసుపు, అందుకే ఆకుపచ్చ. పసుపు తయారవడం ఆగిపోతే పిట్ట నీలంగా ఉంటుంది. నలుపు తగ్గిపోతే పసుపుగా ఉంటుంది. రెండూ పోతే తెలుపు.

1870లలో బెల్జియంలో పసుపు బడ్జీలు కనపడ్డాయి. 1880 దరిదాపుల్లో అక్కడే నీలం పిట్ట పుట్టింది. కానీ దాన్ని ఆకుపచ్చదానితో జత కడితే పిల్లలన్నీ ఆకుపచ్చే! నీలం మాయం. పెంచేవాళ్ళు తల పట్టుకున్నారు. అసలు సంగతి ఏంటంటే నీలం మాయం కాలేదు, దాక్కుంది. ఆ పిల్లల్లో రెంటిని జత కడితే సగటున నాలుగింట ఒకటి నీలం వస్తుంది. ఈ లెక్కని మెండెల్ బఠాణీ మొక్కలతో 1866లోనే అచ్చువేశాడు. కానీ 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. అంటే బెల్జియం వాళ్ళు నీలం పిట్టల్ని కాపాడుకునే రోజుల్లో, జవాబు ఒక పాత పత్రికలో దుమ్ము పట్టి ఉంది.

ఇంకో సంగతి. 2017లో శాస్త్రవేత్తలు ఈ నీలానికి కారణం కనిపెట్టారు. పసుపు తయారు చేసే ఒక ఎంజైమ్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయింది, అంతే. నేను కోడ్ రాసే రోజుల్లో ఒక్క అక్షరం తప్పు పడితే రాత్రంతా కూర్చునేవాణ్ణి. ఇక్కడ ఒక్క మార్పుకి ప్రపంచమంతా డబ్బులు కుమ్మరించింది.

కుమ్మరించింది అని ఊరికే అనలేదు. 1910లో లండన్‌లో నీలం బడ్జీలను ప్రదర్శనలో పెడితే జనం కళ్ళప్పగించి చూశారు. 1925లో ఇంగ్లండ్‌లో బడ్జీల కోసమే ఒక క్లబ్ పుట్టింది. అదే తర్వాత బడ్జరిగార్ సొసైటీ అయింది. 1920ల చివర్లో జపాన్‌లో డబ్బున్నవాళ్ళు నీలం బడ్జీని కానుకగా ఇచ్చుకోవడం ఫ్యాషన్ అయింది. ధరలు ఆకాశానికెళ్ళాయి. యూరప్ పెంపకందార్లు జపాన్‌కి పంపడానికే పిల్లలు చేయించారు. తర్వాత ఒక్కసారిగా మోజు తీరింది, ధరలు కూలాయి. షేర్ మార్కెట్‌లో కూలేది అంకెలు. ఇక్కడ కూలిన ధర వెనకాల పంజరాల నిండా ప్రాణమున్న పిట్టలు.

1930: భయం పట్టిన ఏడాది

మోజు ఒకవైపు నడుస్తుండగానే ఇంకోవైపు జబ్బు వచ్చింది. 1929 చివర్లో, 1930 మొదట్లో సిటకోసిస్ అనే జబ్బు చాలా దేశాల్లో కనపడింది. చిలకల నుంచి మనుషులకి అంటుకునే ఊపిరితిత్తుల జబ్బు. అమెరికాలో ఒక కుటుంబం పండక్కి తెచ్చుకున్న చిలక నుంచి జబ్బు పడటంతో పత్రికలు హోరెత్తాయి. 1930 జనవరిలో ప్రెసిడెంట్ హూవర్ చిలకల దిగుమతినే ఆపేశాడు.

అందరూ జబ్బు దక్షిణ అమెరికా పెద్ద చిలకల నుంచి వచ్చిందనుకున్నారు. సరిహద్దు మూసేస్తే సరిపోతుందనుకున్నారు. కానీ కార్ల్ మేయర్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో వెతికితే, ఇళ్ళ పెరళ్ళలో పుట్టి పెరిగిన బడ్జీల్లోనే ఆ క్రిమి దొరికింది. అది ఆర్థిక మాంద్యం కాలం. ఉద్యోగాలు పోయినవాళ్ళు పెరట్లో బడ్జీలు పెంచి నాలుగు డాలర్లు సంపాదించుకునేవాళ్ళు. చిన్న చోట ఎక్కువ పిట్టలు, ఒకదాన్నుంచి ఒకదానికి జబ్బు. పైకి పిట్ట బాగానే ఉంటుంది. ఇరుకులో, భయంలో, ప్రయాణంలో నలిగినప్పుడు క్రిమి రెట్టలో బయటపడుతుంది.

ఈ రోజు దీనికి మందులున్నాయి. అయినా ఆనాటి పాఠం పాతబడలేదు. కొత్త పిట్టని తెచ్చిన రోజే పాతవాటితో కలపొద్దు, కొన్ని వారాలు వేరే గదిలో ఉంచండి. ఎండిన రెట్టని పొడిగా ఊడ్చొద్దు, తడిపి తుడవండి. పిట్టలున్న ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు తగ్గకపోతే, ఇంట్లో చిలకలున్నాయని డాక్టర్‌కి చెప్పండి.

మన దగ్గర

ఇక మన సంగతి. మన ఊళ్ళలో ఒకప్పుడు పంజరంలో చిలక అంటే రామచిలకే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1990ల మొదట్లో మన దేశపు అడవి పక్షుల వ్యాపారాన్నే ఆపేశారు. రామచిలకని ఇంట్లో పెట్టుకోవడం ఇప్పుడు నేరం. బడ్జీ విదేశీ పిట్ట కాబట్టి ఈ నిషేధంలో లేదు. చిలకని ఇష్టపడే ఇంటికి చట్టం అడ్డు చెప్పని చిలక ఇది.

పైగా దీని తిండి మనకి పరాయిది కాదు. బడ్జీ ఇష్టంగా తినేది కొర్రలు. షాపులో ప్యాకెట్‌లో పెట్టి అమ్మే ఆ కంకి మన కొర్ర కంకే. మన తాతలు అన్నంగా తిన్నది. గూడు కూడా మనం మనదైన పద్ధతిలో ఇచ్చాం. ఇంగ్లండ్ వాళ్ళు చెక్కపెట్టె పెడితే, మనం పక్కన కన్నం పెట్టిన మట్టికుండ కట్టాం.

ఆ కుండ దగ్గరే మా చిన్ని కథ ఉంది.

నేను జత కొన్నప్పుడు షాపాయన ఒకటే మాట చెప్పాడు: "కుండ కట్టెయ్యండి సార్, పిల్లలు వస్తూనే ఉంటాయి." నిజంగానే వచ్చాయి. మొదటి కాన్పుకి ఇల్లంతా పండగ. ఫోన్ నిండా ఫొటోలు. రెండో కాన్పు, మూడో కాన్పు. కుండ అలాగే ఉంది. రాత్రి పదకొండింటి దాకా హాల్లో లైటు. గిన్నె నిండా గింజలు. మూడో కాన్పు పిల్లలు కుండ దిగకుండానే మళ్ళీ గుడ్లు. నేనేమో చిన్ని ఎంత హుషారుగా ఉందో అనుకున్నాను.

1960లలో అమెరికాలో బార్బరా బ్రాక్‌వే అనే పరిశోధకురాలు బడ్జీల మీద చేసిన పని చదివాక నాకు కళ్ళు తెరుచుకున్నాయి. మగపిట్ట మెల్లగా పాడే కూతని వినిపిస్తే చాలు, ఆడపిట్ట ఒంట్లో గుడ్లు తయారవడం మొదలవుతుందని ఆవిడ చూపించింది. ఇప్పుడు మా బాల్కనీ చూడండి. మగపిట్ట పాట ఉంది. చీకటి తొర్రలాంటి కుండ ఉంది. తరగని గింజ ఉంది. పొద్దు గూకని లైటు ఉంది. చిన్నికి ఆస్ట్రేలియాలో ఎన్నడూ రానంత పొడుగాటి వానాకాలం నేను తెచ్చిపెట్టాను. మొదలుపెట్టే బటన్లన్నీ నొక్కి ఉంచాను. ఆపే బటన్ మాత్రం తీసేశాను.

ప్రతి గుడ్డు పెంకుకీ కాల్షియం ఆడపిట్ట ఒంట్లోంచే వెళ్తుంది. కండరాలు కదలడానికి కూడా కాల్షియమే కావాలి. అది అయిపోతే పెంకు మెత్తబడుతుంది, గుడ్డుని బయటికి నెట్టే బలం ఉండదు. ఒకరోజు పొద్దున్న చిన్ని ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంది. తోక పైకీ కిందకీ ఆడుతోంది. నిద్ర వస్తోందేమో అనుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి లేదు.

మా అమ్మ ఒక్క మాటే అంది: "పురిటికీ పురిటికీ మధ్య దాని ఒళ్ళు తేరుకోనిచ్చావా నాన్నా?" ఇంత చరిత్ర చదివి నేను తెలుసుకున్నది ఆ ఒక్క వాక్యంలో ఉంది.

అందుకే మీకు చెప్పేది ఇది. పిల్లలు కావాలనుకుంటే ముందు ఆ పిల్లలు ఎవరింటికి వెళ్తాయో ఆలోచించుకోండి. ఏడాది నిండని ఆడపిట్టకి కుండ కట్టొద్దు. వరసగా రెండు కాన్పులు అయ్యాయా, పిల్లలు దిగగానే కుండ తీసి లోపల పెట్టేయండి. కొన్ని నెలలు మళ్ళీ కట్టొద్దు. సాయంత్రం అయ్యేసరికి పంజరం మీద గుడ్డ కప్పండి, రాత్రి రాత్రిలా ఉండాలి. అయినా గుడ్లు పెడుతూ ఉంటే మగదాన్ని కొన్నాళ్ళు వేరే పంజరంలో ఉంచండి. గింజలొక్కటే కాకుండా ఆకుకూర పెట్టండి. ఆయుర్వేదం షాపుల్లో సముద్రపు నురుగు అని అమ్మే కటిల్ బోన్ పంజరంలో ఎప్పుడూ ఉంచండి, కాల్షియం దాన్నుంచి వస్తుంది. ఆడపిట్ట ఉబ్బిపోయి అడుగున కూర్చుంటే నాలాగా ఆఫీసుకి వెళ్ళకండి. వెచ్చగా పెట్టుకుని వెంటనే పక్షుల్ని చూసే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. పొట్ట మాత్రం నొక్కొద్దు.

ఎడారిలో అయితే ఆ పిట్టకి విశ్రాంతి ఇచ్చేది కరువు. మన ఇంట్లో కరువు రాదు. మంచిదే. అందుకే ఆ విశ్రాంతి మన చేతులతో మనమే ఇవ్వాలి. వాన ఆపాల్సింది మనమే.

మా ఇంట్లో ఇప్పుడు చిన్ని పిల్లలు మూడు ఉన్నాయి. ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ వాటిలో కూడా వాళ్ళమ్మ నీలం దాక్కుని ఉంది. కుండ స్టోర్ రూమ్‌లో ఉంది. ఇప్పట్లో బయటికి రాదు.

మీ ఇంట్లో బడ్జీలుంటే, ఈ వీడియో అయిపోగానే ఒక్కసారి లేచి పంజరం దగ్గరికి వెళ్ళండి. కుండ ఎన్ని నెలల నుంచి ఉందో లెక్కపెట్టుకోండి. అంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.